ఊరెళ్లే ముందు ఇల్లు, ఇంట్లోవాళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

సెలవులు దగ్గరపడుతున్నాయంటే నాకు వచ్చే ఫోన్లన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఫ్రిజ్ ఆపాలా, తాళం ఎవరికివ్వాలి, నాన్నను ఒక్కరినే ఇంట్లో వదిలి వెళ్లొచ్చా, కుక్కపిల్ల సంగతేంటి... జవాబు విన్నవాళ్లే మళ్లీ ఏడాదికి అదే అడుగుతారు. అది మరుపు కాదు, బయల్దేరే హడావిడి అలాంటిది. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరకు నేరుగా వెళ్లిపోండి.

ఒక్క మాట మాత్రం ముందే చెప్తాను. మీరు లేనప్పుడు ఇంటిని నిజంగా కాపాడేది, రెండ్రోజులకోసారి వచ్చి తలుపు తీసి చూసే మనిషి. ఎంత ఖరీదైన తాళమైనా, కెమెరా అయినా ఆ మనిషి తర్వాతే. ఈ జవాబులన్నీ ఆ నమ్మకంతో రాసినవే.

## నెల ముందు

ఏర్పాట్లు ఎంత ముందు నుంచి మొదలుపెట్టాలి?

అన్నిటికీ నెల అక్కర్లేదు. మన చేతిలో లేని పనులు, అంటే ఇంకొకరు చేసిపెట్టాల్సినవి మాత్రం ముందు మొదలుపెట్టండి. పాస్‌పోర్ట్, వీసా, టీకాలు, పెంపుడు జంతువుకు చోటు, ఇల్లు చూసే మనిషి. విదేశానికైతే 4 నుంచి 6 వారాల ముందే డాక్టరును కలవాలి. కొన్ని టీకాలు రెండు మూడు డోసులుగా వేస్తారు, ఒంట్లో పనిచెయ్యడానికీ కొంత సమయం కావాలి. ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అయితే వేయించుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. 2016 నుంచి ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుబాటు అవుతుంది కాబట్టి, అంతకుముందు వేయించుకున్నవాళ్లు కూడా పాత కార్డు వెతికి దగ్గర పెట్టుకోవాలి. ఇంటి పనులకు చివరి వారం చాలు.

పాస్‌పోర్ట్ గడువు ఇంకా నాలుగు నెలలుంది, సరిపోదా?

చాలా దేశాలకు సరిపోదు. దేశంలో అడుగుపెట్టే రోజు నుంచి, లేదా తిరిగి బయల్దేరే రోజు నుంచి ఆరు నెలల గడువు ఉండాలని అడిగే దేశాలు ఎక్కువ. కొన్ని మూడు నెలలతో సరిపెట్టుకుంటాయి. విమానం ఎక్కే ముందే ఆపేస్తారు కాబట్టి ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ ఈరోజే తీసి చూడండి. పెద్దవాళ్లవి బాగానే ఉండి పిల్లలవి అయిపోయి ఉండటం మామూలు, వాళ్లకు ఇచ్చే గడువు తక్కువ. ఖాళీ పేజీలున్నాయో లేదో కూడా చూడండి.

నేనొక్కదాన్నే పిల్లలతో వెళ్తున్నాను. ఏమైనా కాగితం కావాలా?

విదేశానికైతే భర్త సంతకం చేసిన అనుమతి పత్రం వెంట ఉంచుకోండి. తండ్రి ఒక్కడే వెళ్తుంటే తల్లి సంతకం. తాతలో పిన్నులో తీసుకెళ్తుంటే తల్లిదండ్రులిద్దరిదీ. కొన్ని దేశాలు నోటరీ చేయించినది అడుగుతాయి. బర్త్ సర్టిఫికెట్ కాపీ కూడా పెట్టుకోండి, ముఖ్యంగా పిల్లల ఇంటిపేరు మీ పాస్‌పోర్టులో పేరుతో కలవకపోతే.

ఇల్లు ఎవరికి అప్పజెప్పాలి? తాళం ఇచ్చి ఇబ్బంది పెట్టాలంటే మొహమాటంగా ఉంది.

ఆ మొహమాటం వల్లే చాలా ఇళ్లు పదిహేను రోజులు ఎవరూ తొంగిచూడకుండా ఉండిపోతాయి. నిజానికి, అడిగితే పక్కింటివాళ్లు సంతోషంగానే ఒప్పుకుంటారు. మమ్మల్ని నమ్మారు అన్న భావన అందరికీ ఇష్టమే. వాళ్లు ఊరెళ్లినప్పుడు మీరు చూస్తే లెక్క సరిపోతుంది.

మనిషిని ఎంచుకునేటప్పుడు దగ్గరి బంధువా కాదా అన్నదానికన్నా మూడు విషయాలు చూడండి. మీ ఇంటికి నడిచి వచ్చేంత దూరంలో ఉండాలి. ఫోన్ చేస్తే ఎత్తే అలవాటున్నవాళ్లై ఉండాలి. ఏదైనా తేడా కనిపిస్తే "ఎందుకులే, వాళ్ల సెలవులు పాడుచెయ్యడం" అనుకోకుండా వెంటనే చెప్పేవాళ్లై ఉండాలి. ఈ మూడోది చాలా ముఖ్యం. "చిన్నదైనా సరే చెప్పండి, నేనేమీ అనుకోను" అని మీ నోటితో చెప్పి వెళ్లండి.

కుదిరితే రెండో తాళం చెవి ఇంకొకరి దగ్గర ఉంచండి, మొదటివాళ్లకు ఒంట్లో బాగోకపోవచ్చు. పూలకుండీ కింద, చెప్పుల స్టాండులో, మీటరు పెట్టెలో మాత్రం పెట్టకండి. ఆ చోట్లు అందరికీ తెలుసు.

వాళ్లకు ఏమేం చెప్పి వెళ్లాలి?

ఒకసారి మేం ఊళ్లో లేనప్పుడు వాషింగ్ మెషిన్ వెనక పైపు ఊడిపోయింది. కింద ఇంటివాళ్ల గోడ తడిసేదాకా ఎవరికీ తెలియలేదు. తాళం పక్కింట్లోనే ఉంది, పాపం వాళ్లు పరుగున వచ్చారు. కానీ నీళ్లు ఎక్కడ కట్టెయ్యాలో మేం వాళ్లకు చూపించలేదు. ఫోన్లో "ఎడమవైపు చూడండి, కాదు, ఇంకా వెనక్కి" అని చెప్తూ ఇరవై నిమిషాలు గడిచాయి. అన్నిసేపూ నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఇప్పటికీ తలుచుకుంటే బాధగా ఉంటుంది, ఎందుకంటే అది రెండు నిమిషాల్లో చూపించగలిగిన పని.

కాబట్టి తాళం చేతికిచ్చి పంపేయకుండా ఒకసారి ఇంట్లోకి పిలిచి తిప్పి చూపించండి. నీళ్ల మెయిన్ వాల్వ్, కరెంటు మెయిన్ స్విచ్, గ్యాస్ వాల్వ్ ఎక్కడున్నాయో, ఎటు తిప్పాలో వాళ్ల చేత్తోనే తిప్పించండి. ఒక కాగితం మీద మీరు వెళ్లే, వచ్చే తేదీలు, మీరు ఉండే చోటు, మీ ఫోన్ కలవకపోతే ఎవరికి చెయ్యాలి, ప్లంబరు, ఎలక్ట్రీషియన్ నంబర్లు రాసి వంటింట్లో అంటించండి. చిన్న రిపేరుకు కొంత డబ్బు కవరులో పెట్టి ఇవ్వండి. వాళ్ల జేబులోంచి పెట్టుకోవాల్సిన పరిస్థితి రాకూడదు.

అమ్మానాన్నలు ఇంట్లోనే ఉంటామంటున్నారు. వదిలి వెళ్లొచ్చా?

తమ పనులు తాము చేసుకోగలిగి, అలాగే ఉంటామని వాళ్లే అంటుంటే వెళ్లొచ్చు. కానీ ముందుగా వాళ్లను కూర్చోబెట్టి "మీకు దేనికి ఇబ్బంది అనిపిస్తుంది?" అని అడగండి. మనం ఊహించుకునే భయాలు వేరు, వాళ్లవి వేరు. మనం గుండెనొప్పి గురించి ఆలోచిస్తుంటే, వాళ్ల బెంగ రాత్రి కరెంటు పోతే ఏం చెయ్యాలన్నది కావచ్చు.

మందులు మీరు తిరిగొచ్చే రోజుకు ఇంకో వారం ఎక్కువే తెచ్చిపెట్టండి. పూటపూటకీ గడులున్న మందుల డబ్బాలో సర్దితే, వేసుకున్నారో లేదో చూడగానే తెలుస్తుంది. పడకగది నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న బల్బు పెట్టండి, జారిపోయే పట్టాలు తీసేయండి. పెద్దవయసులో పడిపోవడమే పెద్ద ప్రమాదం. లోపలి నుంచి గడియ వేసుకుంటే బయట తాళం చెవి ఉన్నా పనికిరాదు, అందుకే బయటి నుంచి తెరవగలిగే తాళమే వేసుకోమని చెప్పండి.

రోజూ ఒకే టైముకు ఫోన్ చేస్తానని చెప్పండి. ఎత్తకపోతే ఏం చేస్తారో కూడా ముందే అనుకోండి: పావుగంట ఆగి మళ్లీ చెయ్యడం, అప్పటికీ ఎత్తకపోతే తాళం ఉన్నవాళ్లను పంపడం. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లను, ఈమధ్యే పడిపోయినవాళ్లను, ఇన్సులిన్ సొంతంగా తీసుకోలేనివాళ్లను మాత్రం ఒంటరిగా వదలకండి. రాత్రికి ఎవరైనా తోడు ఉండాల్సిందే.

కుక్కనూ పిల్లినీ ఏం చెయ్యాలి? చేపలు కూడా ఉన్నాయి.

కుక్కకు మనిషి కావాలి. బాగా తెలిసినవాళ్ల ఇంట్లోనో, కుక్కలను చూసుకునే బోర్డింగ్‌లోనో ఉంచాల్సి వస్తే, అసలు ప్రయాణానికి ముందే ఒక్క రాత్రి అక్కడ వదిలి చూడండి. తిందా, నిద్రపోయిందా తెలుస్తుంది. టీకాల కార్డు, అది తినే ఆహారం, మీ వాసన ఉన్న పాత దుప్పటి వెంట పంపండి. మెడపట్టీ మీద ఫోన్ నంబరు ఉండాలి.

పిల్లికి మనిషితో పాటు ఇల్లూ కావాలి, చోటు మారితే బెదురుతుంది. దాన్ని ఇంట్లోనే ఉంచి రోజూ ఒకరు వచ్చి చూసేలా చెయ్యడం మేలు. వారానికి సరిపడా తిండి గిన్నెలో పోసి వెళ్లడం తప్పు. పిల్లి రెండు మూడు రోజులు తినడం మానేస్తే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. అది తినట్లేదని తెలియాలంటే ఎవరో ఒకరు చూడాలి కదా.

ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు నాలుగైదు రోజులు మేత లేకపోయినా ఉండగలవు. వాటికి అసలు ముప్పు, అలవాటు లేనివాళ్లు జాలిపడి ఎక్కువ వేసెయ్యడం. మిగిలిన మేత కుళ్లి నీళ్లు పాడవుతాయి. ఏ రోజు మేత ఆ రోజుకు పొట్లాలు కట్టి ఇవ్వండి.

## వారం ముందు

మొక్కలు ఎండిపోకుండా ఎలా?

వారం లోపైతే ఎండ తగలని చోటికి అన్ని కుండీలూ చేర్చి దగ్గర దగ్గరగా పెట్టండి. ఒకదాని తేమ ఇంకోదానికి పనికొస్తుంది. బయల్దేరే రోజు కుండీ అడుగు నుంచి నీళ్లు కారేదాకా పోసి, మట్టి మీద ఎండుటాకులో కొబ్బరిపీచో పరవండి.

పది పదిహేను రోజులైతే వత్తి పద్ధతి బాగా పనిచేస్తుంది. లావుపాటి నూలు తాడు ఒక కొస కుండీ మట్టిలో వేలెడు లోతున గుచ్చి, రెండో కొస నీళ్ల బకెట్‌లో మునిగేలా వదలండి. బకెట్ కుండీ కన్నా కాస్త ఎత్తులో ఉండాలి. మూత పెట్టి, తాడు పట్టేంత రంధ్రం చేస్తే దోమలు చేరవు. మూడు నాలుగు రోజుల ముందే పెట్టి చూసుకోండి, ఒక్కో తాడు ఒక్కోలా పీలుస్తుంది. కుండీల కింద పళ్లేల్లో నీళ్లు నింపి వెళ్లకండి, వేళ్లు కుళ్లుతాయి.

బిల్లులు, వాయిదాలు మధ్యలో వస్తే?

మీరు లేని రోజుల్లో గడువు తీరేవన్నీ ముందే కట్టేయండి. ఆటోపే ఉన్నవాటికి ఖాతాలో డబ్బు ఉందా, కార్డు గడువు ఈలోపు అయిపోతోందా చూడండి.

విదేశంలో బ్యాంకు ఓటీపీలు వస్తాయా?

బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్‌కు అంతర్జాతీయ రోమింగ్ ఆన్‌లో ఉంటే వస్తాయి. ఇది ఇక్కడే ఆన్ చేసుకుని వెళ్లాలి. అక్కడికి చేరాక ఆన్ చెయ్యడానికి కూడా ఓటీపీయే అడుగుతారు, అది రాదు. అక్కడి సిమ్ కొన్నా పాతది పారేయకుండా ఫోన్ రెండో గడిలో ఉంచండి, డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి. కార్డును విదేశాల్లో వాడే సదుపాయం ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. రెండు కార్డులుంటే రెండూ ఒకే పర్సులో పెట్టకండి.

నగలు, ముఖ్యమైన కాగితాలు ఎక్కడ పెట్టాలి?

నగలకు బ్యాంకు లాకరే. బియ్యం డబ్బాలో, పరుపు కింద, పాత చీరల మడతల్లో దాచడం మనకు తెలివిగా అనిపిస్తుంది కానీ, వచ్చినవాడు వెతికేదీ అక్కడే. పైగా ఎక్కడ దాచామో మనమే మర్చిపోతాం. ఇంట్లో ఉన్న విలువైన వస్తువులన్నిటికీ ఫొటోలు తీసి, రసీదులు, సీరియల్ నంబర్లతో కలిపి ఒకచోట ఉంచండి. ఏదైనా జరిగితే పోలీసులకూ ఇన్సూరెన్సువాళ్లకూ చూపించాల్సింది అవే.

పాస్‌పోర్టులు, వీసాలు, టికెట్లు, ప్రయాణ బీమా కాగితాల స్కాన్లు మీ ఈమెయిల్లో ఒకటి, ఊళ్లో ఉండే నమ్మకమైన మనిషి దగ్గర ఒకటి ఉంచండి. ఫోన్ పోతే ఫోన్‌తో పాటు అందులోని ఫొటోలూ పోతాయి.

ఇంటి ఇన్సూరెన్స్ ఉంది కదా, ఇంకేం భయం?

పాలసీ కాగితాల్లో "ఇల్లు ఖాళీగా ఉంటే" అన్న భాగం చదవండి. కొన్నిటిలో 30 రోజులో 60 రోజులో వరుసగా ఎవరూ లేకపోతే దొంగతనానికి, నీళ్ల నష్టానికి డబ్బు ఇవ్వరు. అంతకన్నా ఎక్కువ రోజులు వెళ్తుంటే ముందే ఫోన్ చేసి అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

మందులు ఎన్ని, ఏ బ్యాగులో పెట్టుకోవాలి?

రోజూ వేసుకునేవి మొత్తం ప్రయాణానికి కావలసినన్ని, ఇంకో వారానికి ఎక్కువ. అన్నీ చేతి బ్యాగులోనే. చెకిన్ బ్యాగు ఆలస్యమైతే బట్టలు కొనుక్కోవచ్చు, బీపీ మాత్ర అదే దొరకాలంటే కష్టం. స్ట్రిప్పులు కత్తిరించకుండా పేరు కనబడేలా ఉంచండి. ప్రిస్క్రిప్షన్‌లో కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయించుకోండి, వేరే దేశంలో కంపెనీ పేరు పనికిరాదు.

ఇన్సులిన్‌ను చెకిన్‌లో వెయ్యకండి, సరుకు ఉండే చోట గడ్డకట్టే చలి ఉండొచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. విమానంలో 100 మిల్లీలీటర్ల పరిమితి మామూలు ద్రవాలకు. అవసరమైన మందులకు, పసిపిల్లల పాలకు మినహాయింపు ఉంటుంది, తనిఖీ దగ్గర మీరే తీసి చూపించాలి.

మనకు మామూలు మందు ఇంకో దేశంలో నిషేధం కావచ్చు. ఉదాహరణకు జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటితే జపాన్‌లోకి తీసుకెళ్లకూడదు. నిద్రమాత్రలు, కోడీన్ ఉన్న దగ్గుమందులు ఉంటే వెళ్లే దేశం నిబంధన తప్పకుండా చూడండి.

పిల్లలకు ఊరెళ్తున్నామని ఎప్పుడు చెప్పాలి?

ఐదేళ్ల లోపు వాళ్లకు రెండు మూడు రోజుల ముందు చాలు. నెల ముందే చెప్తే రోజూ నిద్రలేవగానే "ఇవాళేనా?" అంటారు, పాపం వాళ్లకు ఆగడం కష్టం. కాస్త పెద్దవాళ్లకు ముందే చెప్పి, ఒక చిన్న పని అప్పజెప్పండి. తన బ్యాగు తనే సర్దుకున్న పిల్లాడు దారిలో పేచీ పెట్టడం తక్కువ.

ఒక్క విషయం ఆటలా నేర్పించండి: తప్పిపోతే ఎక్కడున్నారో అక్కడే నిలబడాలి, యూనిఫాంలో ఉన్నవాళ్లకో, పిల్లలతో ఉన్న అమ్మకో చెప్పాలి. అమ్మ పూర్తి పేరు, ఒక ఫోన్ నంబరు నోటికి రావాలి. రద్దీ చోటికి వెళ్లే రోజు పొద్దున్నే పిల్లల ఫొటో ఒకటి తీసుకోండి. కంగారులో ఏ రంగు చొక్కా వేశామో గుర్తురాదు.

స్టేటస్‌లో ఫొటోలు పెడితే ఏమవుతుంది?

ఇల్లు ఖాళీగా ఉందని, ఎన్నాళ్లు ఉంటుందని మీరే చెప్పినట్టవుతుంది. తిరిగొచ్చాక పెట్టండి. పిల్లలకూ ఇదే చెప్పండి, ఎక్కువసార్లు విషయం బయటపడేది వాళ్ల ఫోన్ల నుంచే. బోర్డింగ్ పాస్ ఫొటో అసలు పెట్టకండి, దాని మీది బార్‌కోడ్‌లో మీ బుకింగ్ వివరాలుంటాయి.

## ముందురోజు

ఫ్రిజ్ ఆపి వెళ్లాలా, ఆన్‌లోనే ఉంచాలా?

రెండు మూడు వారాలైతే ఆన్‌లోనే ఉంచండి. పాలు, కోసిన కూరగాయలు, వండిన పదార్థాలు తీసేసి, మిగతావి ఉండనివ్వండి. కింది భాగం 4 డిగ్రీల సెల్సియస్, పైన ఫ్రీజరు మైనస్ 18 డిగ్రీలు ఉంటే చాలు. నెల దాటితే పూర్తిగా ఖాళీచేసి, ఐసు కరిగించి, పొడిగా తుడిచి, ప్లగ్ తీసి తలుపు కాస్త తెరిచి ఉంచండి. మూసేస్తే బూజు పడుతుంది, ఆ వాసన ఓ పట్టాన పోదు.

ఆన్‌లో ఉంచి వెళ్లేవాళ్లకు ఒక చక్కని ఉపాయం. గ్లాసు నీళ్లు ఫ్రీజర్‌లో గడ్డకట్టించి దాని మీద ఒక నాణెం పెట్టండి. తిరిగొచ్చాక నాణెం పైనే ఉంటే సరే. అడుగుకు చేరిందంటే మధ్యలో చాలాసేపు కరెంటు పోయి అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట, ఫ్రీజర్‌లోవి పారేయాలి. తలుపు తియ్యకుండా ఉంటే కరెంటు పోయాక ఫ్రిజ్ 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజరు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనం నిలుపుకుంటాయి.

మెయిన్ ఆపేస్తే అన్నీ ఆగిపోతాయి కదా, అది చాలదా?

ఫ్రిజ్‌లో ఏమీ లేకపోతే, కెమెరా, అక్వేరియం లేకపోతే చాలు. ఉంటే మెయిన్ ఉంచి మిగతావి ఆపాలి. గీజరు, ఇస్త్రీపెట్టె, టీవీ, కంప్యూటరు, చార్జర్లు స్విచ్ ఆపడంతో సరిపెట్టకుండా ప్లగ్ తీసేయండి. పిడుగు పడినప్పుడు తీగల్లో వచ్చే అధిక వోల్టేజీ ఆపిన స్విచ్‌ను కూడా దాటగలదు. కెమెరా వైఫై మీద నడుస్తుంటే రౌటర్ ఆపకూడదు, ఇది చాలామంది మర్చిపోతారు.

ఒక లైటు వేసి వెళ్తే మంచిదేనా?

పగలూ రాత్రీ వెలిగే లైటు "ఎవరూ లేరు" అనే చెప్తుంది. టైమరు ప్లగ్ పెట్టి, హాల్లో లైటు సాయంత్రం, పడకగది లైటు కాసేపాగి వెలిగేలా చెయ్యండి. గుమ్మం ముందు పేరుకునే ఉత్తరాలు, పార్సిళ్లు, పేపర్లు ఇంతకన్నా పెద్ద గుర్తు. వాటిని ఆపించండి, లేదా రోజూ తీసేవాళ్లుండాలి.

నీళ్లు, గ్యాస్ కట్టెయ్యాలా?

కట్టెయ్యాలి. గ్యాస్ పొయ్యి దగ్గర మాత్రమే కాకుండా సిలిండరు లేదా పైపు వాల్వ్ దగ్గర. నీళ్ల మెయిన్ వాల్వ్ మూసి, ఒక కుళాయి తెరిచి పైపుల్లో ఒత్తిడి పోనివ్వండి, మళ్లీ మూసేయండి. మొక్కలకు పక్కింటివాళ్లు నీళ్లు పోయాల్సి ఉంటే ఒక బకెట్ నింపి, దోమలు చేరకుండా మూత పెట్టి ఉంచండి. చలికి నీళ్లు గడ్డకట్టే ప్రాంతంలో ఉంటే పైపుల్లో నీళ్లు పూర్తిగా వదిలెయ్యాలి, లేదా ఇంట్లో వెచ్చదనం 12, 13 డిగ్రీలకు తగ్గకుండా హీటింగ్ ఉంచాలి. గడ్డకట్టినప్పుడు నీరు వ్యాకోచిస్తుంది, పైపు పగులుతుంది.

వచ్చేసరికి ఇంటినిండా దోమలు, బాత్రూమ్ వాసన. ఎందుకలా?

రెండిటికీ కారణం నీళ్లే. డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వేడి రోజుల్లో వారం, పది రోజులు చాలు. సీసా మూతలో ఉన్న నీళ్లు కూడా దానికి సరిపోతాయి. ఖాళీ బకెట్లు బోర్లించండి, కూలరు, ఫ్రిజ్ వెనక ట్రే, కుండీ పళ్లేలు ఖాళీచేసి రుద్దండి. గుడ్లు పొడిగా నెలల తరబడి బతికి ఉంటాయి కాబట్టి ఒలకబొయ్యడంతో సరిపెట్టకూడదు. టాయిలెట్ మూత దించి, వాడని బాత్రూమ్ అయితే పైన ప్లాస్టిక్ కవరు బిగించండి.

వాసన సంగతి వేరు. నేల మీది జాలీ కింద వంపులో నిలిచే నీళ్లే మురుగు వాసనను ఆపుతాయి. వారాలు గడిస్తే అవి ఆవిరవుతాయి. వెళ్లే ముందు ప్రతి జాలీలో చెంబెడు నీళ్లు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె వెయ్యండి, ఆవిరి నెమ్మదిస్తుంది. తర్వాత జాలీ మీద గట్టి మూత పెట్టండి.

కారు నెలరోజులు కదలదు. ఏం చెయ్యాలి?

టైర్లలో గాలి సరిచూసి, సమతలంగా ఉన్న నీడలో పెట్టండి. హ్యాండ్‌బ్రేక్ నెలల తరబడి వేసి ఉంచితే పట్టేయొచ్చు, గేరులో ఉంచి చక్రాలకు అడ్డు పెట్టడం మంచిది. మూడు వారాలు దాటితే బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేయండి, లేదా వారానికోసారి ఎవరితోనైనా పదిహేను ఇరవై నిమిషాలు నడిపించండి. ఊరికే స్టార్ట్ చేసి రెండు నిమిషాల్లో ఆపేస్తే బ్యాటరీకి లాభం లేదు.

## బయల్దేరే రోజు

చివరి గంటలో ఎప్పుడూ గొడవే. టెన్షన్ తగ్గాలంటే?

చివరి గంటకు మిగిలిన పనులు పదికి మించకూడదు. ఆ పదీ ఒక కాగితం మీద రాసి గుమ్మం తలుపుకు లోపల అంటించండి. పక్కన ఎవరి పని వాళ్ల పేరు. నీళ్లు నాన్న, కిటికీలు అక్క, గ్యాస్ అమ్మ. అన్నీ ఒక్కరే చూసుకునే ఇంట్లోనే అరుపులు ఎక్కువ, చాలా ఇళ్లలో ఆ ఒక్కరు అమ్మే. ఆమె కూడా సెలవు మీదే వెళ్తోంది కదా.

పని అయ్యాక పొయ్యి, గ్యాస్ వాల్వ్, తీసిన ఇస్త్రీపెట్టె ప్లగ్, వేసిన తాళం ఫొటోలు తీసుకోండి. దారిలో అనుమానం వస్తే చూసుకోవచ్చు.

పవర్‌బ్యాంక్ ఏ బ్యాగులో?

విమానంలో తప్పనిసరిగా చేతి బ్యాగులోనే. దాని సామర్థ్యాన్ని వాట్ అవర్లలో (Wh) కొలుస్తారు: 100 వాట్ అవర్ల దాకా అనుమతి అక్కర్లేదు, 100 నుంచి 160 దాకా విమాన సంస్థ అనుమతి కావాలి, అంతకు మించితే ప్రయాణికుల సామానులో తీసుకెళ్లనివ్వరు. మీద మిల్లీ ఆంపియర్ అవర్లే (mAh) రాసి ఉంటే 3.7తో గుణించి వెయ్యితో భాగించండి: 20,000 అయితే 74 వాట్ అవర్లు. అంకెలు చెరిగిపోయిన పాతవి తీసుకెళ్లకండి, తనిఖీలో తీసేసుకోవచ్చు. ఎన్ని తీసుకెళ్లొచ్చు, లోపల వాడొచ్చా అన్నది ఒక్కో సంస్థ ఒక్కోలా చెప్తుంది, టికెట్ వివరాల్లో చూడండి.

పాపకు ప్రయాణంలో వాంతులవుతాయి. ఏం చేస్తే తగ్గుతుంది?

ఖాళీ కడుపుతోనూ వద్దు, నిండా తినిపించీ వద్దు. ఫోన్, బొమ్మల పుస్తకం పక్కన పెట్టి, దూరంగా కదలనివాటిని చూసేలా కూర్చోబెట్టండి. చెవి కదలికను చెప్తుంటే కన్ను దగ్గరి బొమ్మను చూస్తూ కదలట్లేదని చెప్పడం వల్లే ఆ వికారం. మందు వెయ్యాలంటే బయల్దేరక ముందే వెయ్యాలి, మోతాదు డాక్టరును అడగండి. వాంతులు ఎక్కువై ఓఆర్ఎస్ పొట్లం దొరకకపోతే, లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు సమ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాతోనే కొలవాలి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

## తిరిగొచ్చాక

తలుపు తియ్యగానే ముందు ఏం చెయ్యాలి?

తాళం పగిలి ఉన్నా, తలుపు ఓరగా ఉన్నా లోపలికి వెళ్లకండి. పిల్లలతో బయటే ఉండి పోలీసులకు ఫోన్ చెయ్యండి, వాళ్లు వచ్చేదాకా దేన్నీ ముట్టుకోవద్దు.

గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్ కూడా వెయ్యొద్దు, ఆపొద్దు, లోపల ఫోన్ వాడొద్దు. తలుపులు, కిటికీలు తెరిచి, వాల్వ్ మూసి ఉందో చూసి బయటికి రండి, బయటి నుంచి గ్యాస్ అత్యవసర నంబరుకు చెప్పండి.

అంతా బాగుంటే కిటికీలు తెరిచి, ప్రతి కుళాయీ కొన్ని నిమిషాలు వదిలేయండి. వారాలపాటు కదలని గోరువెచ్చని నీళ్లలో లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. అది తాగితే కాదు, తుంపర పీల్చితే ఊపిరితిత్తులకు సోకుతుంది. అందుకే షవర్‌ను బకెట్‌లోకి దించి తుంపర లేవకుండా వదలండి.

హోటల్ నుంచి నల్లులు వస్తాయంటారు, నిజమేనా?

వస్తాయి, సూట్‌కేసు కుట్ల సందుల్లో దాక్కుని. ఇంటికి రాగానే సూట్‌కేసు మంచం మీద పెట్టకండి. బట్టలన్నీ నేరుగా వాషింగ్ మెషిన్‌లో 60 డిగ్రీల వేడి నీళ్లతో ఉతకండి. ఉతకలేనివి డ్రయ్యర్‌లో బాగా వేడి మీద అరగంట తిప్పండి.

వచ్చిన రెండు వారాలకు జ్వరం. ఊరెళ్లడానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

ఉండొచ్చు. మలేరియా దోమ కుట్టిన వారం తర్వాత మొదలుపెట్టి, ఒక్కోసారి నెలల తర్వాత కూడా బయటపడుతుంది. మలేరియా ఉన్న ప్రాంతానికి వెళ్లొచ్చిన ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా అదే రోజు డాక్టరును కలిసి, ఎక్కడికి వెళ్లారో, ఎప్పుడు వచ్చారో మీరే చెప్పండి. వాళ్లు అడగాలని చూడకండి.

తాళం చెవి వెనక్కి తీసుకోవాలా?

నమ్మకం కుదిరితే వాళ్ల దగ్గరే ఉండనివ్వండి. రేపు మీ తలుపు మీ వెనకే పడిపోయి మీరు బయట ఉండిపోతే పనికొస్తుంది. తీసుకున్నా, ఉంచినా, వచ్చిన మర్నాడే వాళ్లింటికి వెళ్లి కాసేపు కూర్చోండి. ఏ స్విచ్ దొరక్క వెతికారో, ఏ మొక్కకు నీళ్లు ఎక్కువయ్యాయో, అమ్మ ఏ రాత్రి కాస్త బెంగపడిందో అడగండి. అవి వంటింట్లో అంటించిన ఆ కాగితం వెనక రాసుకుని దాచుకోండి. వాళ్లు ఊరెళ్లేదెప్పుడో కూడా అడిగి రండి.